మోటారు సైకిలు: రెండు సిలిండర్లా, నాలుగు సిలిండర్లా?



నేటి ప్రసంగమునకు విషయము మోటారు సైకిలు. అందును, వడిగా పోవుటకై ప్రత్యేకముగా నిర్మింపబడి, యువకులచే 'స్పోర్ట్స్ బైకు' అని ముద్దుగా పిలువబడు పరుగుబండి. అట్టి బండిలో రెండు సిలిండర్లది మేలా, నాలుగు సిలిండర్లది మేలా యని విచారింపబోవుచున్నాను. కావ్యములు, వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన ముదుసలికి ఈ విచారమెందుకని మీలో కొందరికి నవ్వు రావచ్చును. కాని కొంచెము యోచింపుడు. బండి నెక్కువాడు మనుమడు. దానికి పైకమిచ్చునది మిరపకల్లము. అప్పుపత్రముమీద హామీ సంతకము చేయువాడు తాత. అర్ధరాత్రి వీధితలుపు చప్పుడయినప్పుడు గుండె చిక్కబట్టుకొని లేచునది నాయనమ్మ. కావున ఈ విషయము మనదే.

గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట, చిలకలూరిపేట పట్టణములలో చదువుకొను మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఈ మాట యెత్తుచున్నారు. "తాతయ్యా, కొంటే నాలుగు సిలిండర్ల బండే కొనాలి" అని యొకడు. "మనకు రెండు చాలు" అని వాని తోడివాడు. మనలో పెక్కుమంది, ఏమియు విచారింపక "వద్దు" అందుము; లేదా పిల్లవాడు అన్నము మాని అలిగెనని, అప్పుడును ఏమియు విచారింపక "సరే" అందుము. రెంటియందును దోషమొక్కటియే. తెలియక చెప్పిన 'వద్దు' పిల్లవాని చెవికెక్కదు. వాడు చాటుగా వాయిదాలమీద కొనును, లేదా స్నేహితుని బండి యెరువు తెచ్చి నడుపును. సంగతి తెలిసి చెప్పిన మాటకు మాత్రము ఎంతటి దుడుకువాడును కొంత చెవియొగ్గును. ఆ తెలివి సంపాదించుకొనుటయే నేటి మన ప్రయోజనము.

మనది ఒంగోలు గిత్తకు పుట్టినిల్లు. పశువును కొనుటలో మనకు పాఠము చెప్పగలవారు లేరు. సంతలో కోడెను చూచినప్పుడు మొట్టమొదట నోరు తెరచి పండ్లు లెక్కింతుము. రెండుపండ్లదో నాలుగుపండ్లదో తెలిసికొందుము. బండలాగు పందెములలో గూడ పండ్లనుబట్టియే తరగతులు చేయుదురు. కాని పండ్లు లెక్కించి అంతటితో బేరము ముగించు రైతు కలడా? నడక చూచును, గిట్ట చూచును, సుడి చూచును. ఏ పనికి కట్టదలచెనో ఆ పనికి అది ఒదుగునా యని చూచును. సిలిండర్ల లెక్క పండ్ల లెక్క వంటిది. అది తెలిసికొనవలసినదే. అయినను దానితో బేరము ముగియదు.

ఇక ఇంజను లోపలికి పోవుదము. సిలిండరనగా గుండ్రని గొట్టము వంటి గది. దానిలో పైకి క్రిందికి ఆడు ముద్దను పిస్టను అందురు. తెలుగులో విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకములు వ్రాసినవారు పిస్టనుకు 'ముషలకము' అని పేరు పెట్టిరి. ముసలమనగా రోకలి గదా. ఆ పేరు పెట్టిన పండితుడెవడో గాని మనకు మహోపకారము చేసెను. ఏలయన రోకలిని తలచుకొన్నచో ఈ విషయమంతయు సులభముగా బోధపడును.

పెట్రోలును గాలియు కలిసి ఆ గదిలో మండినప్పుడు, ఆ మంట పిస్టనును క్రిందికి నెట్టును. ఆ నెట్టువలన క్రాంకు అను వంకర యిరుసు తిరుగును. ఆ తిరుగుడే గేర్ల మీదుగా, గొలుసు మీదుగా వెనుక చక్రమునకు చేరును. నేటి బండ్లలో ఒక్కొక్క సిలిండరు, ఇరుసు రెండు చుట్లు తిరుగునంతలో ఒక్కమారు మాత్రమే మండును. కావున రెండు సిలిండర్లున్నచో రెండు చుట్లకు రెండు దెబ్బలు. నాలుగున్నచో నాలుగు దెబ్బలు, అనగా అరచుట్టున కొక దెబ్బ.

రోటిలో కారము దంచుట మీరెల్లరు నెరిగినదే. ఇద్దరు స్త్రీలు చెరియొక బరువైన రోకలి పట్టి దంచిన దెబ్బకు దెబ్బకు నడుమ కొంత యెడముండును. ఒక్కొక్క దెబ్బ గట్టిగా పడును. నేల కొంచెము అదరును. నలుగురు నాలుగు తేలిక రోకళ్ళు పట్టి వరుస తప్పక దంచినచో దెబ్బల నడుమ సందే తెలియదు. చప్పుడు ఏకధారగా వినవచ్చును. తేలిక రోకలి గనుక చేయి వేగముగా ఆడును. అయితే ఆ వేగముతో దంచినప్పుడే పని సాగును. నలుగురును నెమ్మదిగా ఎత్తి వేసినచో తేలిక రోకలి కాయను నలుపజాలదు.

రెండు సిలిండర్ల ఇంజనుకును నాలుగు సిలిండర్ల ఇంజనుకును గల భేదము ఇంతియే. ఇంజను పరిమాణ మొక్కటే యైనప్పుడు, రెండు పిస్టనులు పెద్దవిగా, బరువుగా నుండును. నాలుగు పిస్టనులు చిన్నవిగా, తేలికగా నుండును. పెద్దవి మితమైన వేగముననే బలము చూపును. చిన్నవి మిక్కిలి వేగముగా తిరిగినగాని తమ సత్తువ బయటపెట్టవు. రెండింటిలో అదురు ఎక్కువ. దానిని అణచుటకు లోపల ప్రత్యేకముగా ఒక ఎదురుబరువును అమర్చుదురు. నాలుగింటిలో రెండు పిస్టనులు పైకి పోవునప్పుడు రెండు క్రిందికి వచ్చును గనుక, చాలవరకు అదురు దానంతట అదియే అణగును. నేటి రెండు సిలిండర్ల బండ్లలో పెక్కింటి యందు దెబ్బలు సమానమైన ఎడముతో పడవు. ఒక దెబ్బ తరువాత ముప్పాతిక చుట్టుకు మరియొకటి, ఆ పిమ్మట ఒకటింబావు చుట్టుకు వేరొకటి పడును. అందుచేతనే వాని ధ్వని గుఱ్ఱపు దౌడు వలె తడబడుచు వినిపించును. నాలుగింటి ధ్వని హెచ్చువేగమున సన్నని యీల వలె సాగును. యువకుల మనస్సును మొదట హరించునది ఆ యీలయే.

ఈ రెండు జాతులును క్రొత్తవి కావు. 1894లో జర్మనీలోని మ్యూనిక్ నగరమున హిల్డెబ్రాండు, వూల్ఫ్‌ముల్లరు అనువారు అమ్మకమునకు పెట్టిన మోటారు సైకిలుకు రెండు సిలిండర్లుండెను. 1905లో బెల్జియము దేశపు ఎఫ్.ఎన్. కర్మాగారము నాలుగు సిలిండర్ల బండిని విడుదల చేసెను. 1937లో ఇంగ్లండులో ఎడ్వర్డు టర్నరు రూపొందించిన ట్రయంఫ్ 'స్పీడ్ ట్విన్' అను బండి, రెండు సిలిండర్లను ప్రక్కప్రక్కన నిలిపిన ఇంజనుకు లోకమున ప్రసిద్ధి తెచ్చెను. 1969లో జపాను దేశపు హోండావారు 736 ఘన సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల బండిని సామాన్య జనులు కొనగల రీతిని పెద్దయెత్తున తయారుచేయగా, పరుగుబండి యనిన నాలుగు సిలిండర్లదే యను భావము వ్యాపించెను.

మన పట్టణములలో ఈ జాతి బండి రుచి తెలిసినది 1983 తరువాత. అప్పుడు ఎస్కార్ట్స్ సంస్థ, యమహావారి నమూనా ననుసరించి, 'రాజ్‌దూత్ 350' అను రెండు సిలిండర్ల బండిని మన దేశమున విడుదల చేసెను. సుమారు 30 అశ్వశక్తుల ఆ బండి ఆనాటి యువకులకు పిడుగువలె తోచెను. మూలపు నమూనాకు ముందు చక్రమునకు డిస్కు బ్రేకు ఉండెడిది; మన దేశమున అమ్మినదానికి డ్రమ్ము బ్రేకు పెట్టిరి. పరుగు పిడుగుది, పగ్గము మామూలుది. ఆ రోజులను ఎరిగినవారు మీలో పలువురుందురు. బండి బలమును విచారించునప్పుడు దానిని నిలుపు బలమును గూడ విచారింపవలెనని ఆ ముచ్చట మనకు బోధించును.

ఇక నేటి బండ్లలో రెంటిని తీసికొని పోల్చుదము. రెండును 2023లోనే మన దేశపు విపణికి వచ్చినవి. మొదటిది అప్రిలియావారి ఆర్.ఎస్. 457. ఇటలీ దేశపు సంస్థయైనను దీనిని మహారాష్ట్రములోని బారామతిలో తయారుచేయుచున్నారు. రెండు సిలిండర్లు, 457 ఘన సెంటీమీటర్లు, సుమారు 47 అశ్వశక్తులు. విడుదలనాటి దుకాణపు ధర 4 లక్షల 10 వేల రూపాయలు. రెండవది జపానువారి కవాసాకి నింజా జడ్.ఎక్స్.-4ఆర్. నాలుగు సిలిండర్లు, 399 ఘన సెంటీమీటర్లు, 77 అశ్వశక్తులు. విడుదలనాటి ధర 8 లక్షల 49 వేలు.

ఈ లెక్క చూచిన పిల్లవాడు "చిన్న ఇంజను, ఎక్కువ అశ్వశక్తులు, ఇంక సందేహమేమి?" అనును. ఇక్కడనే పెద్దలు నిలిచి రెండవ ప్రశ్న వేయవలెను. "ఆ 77 అశ్వశక్తులు ఎప్పుడు వచ్చును?" అవి వచ్చునది ఇరుసు నిమిషమునకు 14,500 చుట్లు తిరిగినప్పుడు. మన ఊరి ట్రాక్టరు 40, 50 అశ్వశక్తులదే. అయినను దాని ఇంజను నిమిషమునకు రమారమి 2,000 చుట్లు తిరుగుచునే నల్లరేగడిని పెళ్ళలు పెళ్ళలుగా దున్నును. 77 అశ్వశక్తుల మోటారు సైకిలుకు నాగలి కట్టి చూడుడు, జానెడైనను కదలదు. అశ్వశక్తి వేరు, త్రిప్పుబలము వేరు. బండలాగు పందెములో బండను కదలించుటకు కావలసిన బలము త్రిప్పుబలము వంటిది. నిర్ణీతమైన కాలములో ఆ బండను ఎన్ని అడుగులు లాగెనో ఆ లెక్క అశ్వశక్తి వంటిది.

త్రిప్పుబలము లెక్కలో చూచినచో, రెండు సిలిండర్ల ఆ బండి నిమిషమునకు 6,700 చుట్లకే 43.5 న్యూటను మీటర్ల గరిష్ఠబలము నిచ్చును. నాలుగు సిలిండర్లది 13,000 చుట్లకు పోయిన పిమ్మట 39 న్యూటను మీటర్లు మాత్రమే యిచ్చును. అనగా మధ్యమవేగమున రెండింటిది పైచేయి. అయితే న్యాయముగా రెండవ పక్షమును చెప్పవలెను. గేర్లను దించి, ఇంజనును పరుగెత్తించి, ఆ 13,000, 14,500 చుట్ల వద్దనే నిలిపి నడపగలవానికి నాలుగింటి ముందు రెండు నిలువజాలదు. గేర్లు ఆ వేగమును బలముగా మార్చి చక్రమున కందించును. ఆ పరుగులో ఆ ఇంజను అదరదు, బెదరదు. నూనె పోసినట్లు సాగును. దానిని కోరువారు మూఢులని నేనననను. యంత్రనిర్మాణమున అది యొక సౌందర్యము.

కాని ఆ సౌందర్యము నెచ్చట అనుభవింపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము బండిలో లేదు, మన బాటలలో నున్నది. నాలుగు బాటలుగా విడిన జాతీయ రహదారిమీద మోటారు సైకిలునకు గంటకు 80 కిలోమీటర్లు, ఇతర రహదారులమీద 60 కిలోమీటర్లు గరిష్ఠవేగమని కేంద్రప్రభుత్వము 2018లో ప్రకటించినది. నాలుగు సిలిండర్ల పరుగుబండికి ఆ 80 కిలోమీటర్లు తొలి రెండు గేర్లలోనే వచ్చి పోవును. తక్కిన నాలుగు గేర్లును ఏ పనికి? గుంటూరునుండి ఒంగోలుకు పోవు జాతీయ రహదారి విశాలమైనదే. దానిమీద గూడ పత్తిబోరాలు కట్టిన ట్రాక్టరు వెనుక దీపము లేక పోవుచుండును. మిరప టిక్కీలతో యార్డుకు పోవు లారీలు మాఘఫాల్గుణములలో బారులు తీరును. అడ్డదారిన గేదెలమంద దాటును. అద్దంకి, నార్కెట్‌పల్లి రహదారి విడిచి పల్లెబాటకు తిరిగినచో, వానకాలమున ట్రాక్టరు చక్రములనుండి రాలిన నల్లరేగడి ముద్దలు తారురోడ్డుమీద సబ్బువలె జారుచుండును. వేసవిలో రోడ్డు అంచున మొక్కజొన్నయో ధాన్యమో ఆరబోసియుండును. ఇట్టి బాటలలో బండి మెలగవలసినది 40 కిలోమీటర్లకును 80 కిలోమీటర్లకును నడుమ. ఆ నడుమ బలము చూపునది రెండు సిలిండర్లది. నాలుగు సిలిండర్లది ఆ వేగమున నిద్రించుచుండును.

నిద్రించిన నష్టమేమి, వాడు నెమ్మదిగానే నడుపుకొనునుగదా యని యడుగవచ్చును. ఈ ప్రసంగమున నేను మీకు ముఖ్యముగా చెప్పదలచిన మాట ఇదియే. ఏ యంత్రమైనను తాను సుఖపడు వేగమునకు నడుపువానిని లాగుచుండును. బండిపందెపు ఎద్దును అరకకు కట్టినచో రైతు పగ్గము బిగించి బిగించి చేతులు కాయలు కాచునుగాని అది నెమ్మదింపదు. నాలుగు సిలిండర్ల ఇంజను నెమ్మదిగా నడచినంతసేపు చప్పగా నుండును. ఇరువది యేండ్లవాడు దానియందలి యీల వినుటకే లక్షలు పోయించెను. ఆ యీల వినిపించునది చట్టము దాటిన వేగముననే. రోజునకు ఒక్కమారైన దానిని వినవలెనని వానికి కోరిక పుట్టుట సహజము. కోరిక పిల్లవానిదే, కాని దానిని పెంచునది యంత్రము. రెండు సిలిండర్లది గంటకు 60 కిలోమీటర్లకే తన సరదా చూపును. సరదా తక్కువ వేగముననే దొరకినచో ఎక్కువ వేగమునకు పోవు అవసరము తగ్గును. రెండింటిది ప్రమాదము లేని బండి యని నేను చెప్పుటలేదు. 47 అశ్వశక్తులు గూడ మనుష్యుని చంపుటకు చాలును. ఏ బండి ఎచ్చట ఊరించునో చెప్పుచున్నాను.

వేగము రెట్టింపైనచో ప్రమాదము రెట్టింపగునని సామాన్యముగా తలంతురు. లెక్క అట్లు లేదు. బండి గంటకు 60 కిలోమీటర్లు పోవునప్పుడు ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా దాటును. 120 పోవునప్పుడు 33 మీటర్లు దాటును. గేదెను చూచి చేయి బ్రేకుమీదికి పోవునంతలోనే ఆ దూరము గడచును. బ్రేకు పట్టిన పిమ్మట నిలుచుటకు కావలసిన దూరము రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును. బండి బరువు రమారమి రెండు క్వింటాళ్ళు, అనగా నాలుగైదు మిరప టిక్కీల యెత్తు. దానితో మనుష్యుని బరువును చేరును. 2022లో మన దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని ప్రభుత్వలెక్క. అందు నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములమీద పోవువారే. హెల్మెట్టు లేక మరణించినవారే యేబదివేల మంది. ఇవి అంకెలుగా వినిపించును. ఒక్కొక్క అంకె వెనుక ఒక్కొక్క ఇల్లున్నది.

ఇప్పుడు పైకము మాట. 2025 ఫిబ్రవరిలో ఎండుమిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రప్రభుత్వము జోక్యము చేసికొని క్వింటాలునకు 11,781 రూపాయలు నిర్ణయించెను. ఆ ధరతో లెక్కవేయుడు. రెండు సిలిండర్ల ఆ బండి విడుదలనాటి ధరకు 35 క్వింటాళ్ళ మిరపకాయలు పోయవలెను. నాలుగు సిలిండర్లదానికి 72 క్వింటాళ్ళు. ఎకరమునకు పాతికక్వింటాళ్ళ మంచి పంట పండెననుకొన్నను, దాదాపు మూడెకరముల కల్లము ఎత్తి యిచ్చినట్లే. విత్తనములు, మందులు, ఎరువులు, కోతకూలి, కౌలు అన్నియు మన చేతినుండి పోగా ఇది వేరు. ఒక యేడు ధర పలికినదని నడమంత్రపు సిరితో కొన్న బండికి మరుసటి యేడు ధర పడినప్పుడు గూడ వాయిదా కట్టవలెను.

కొన్నదితోనే వ్యయము తీరదు. 2025 సెప్టెంబరు 22నుండి 350 ఘన సెంటీమీటర్లకు మించిన బండ్లమీద వస్తుసేవాపన్ను నూటికి 40 రూపాయలు. అంతకు లోపు వానిమీద 18. పైని చెప్పిన రెండు బండ్లును హెచ్చు పన్నులోనివే. నాలుగు సిలిండర్లదానికి స్పార్కు ప్లగ్గులు నాలుగు, వాల్వులు పదునారు; రెండింటిదానికి రెండు, ఎనిమిది. విప్పి సరిచేయునప్పుడు కూలియు కాలమును ఆ నిష్పత్తిలోనే పెరుగును. ఊరి మెకానికు వీనిని ముట్టలేడు. సంస్థవారి పనిశాల పెద్దనగరములందే యుండును. అచ్చటికి బండిని చేర్చుట యొక ప్రయాణము, విడిభాగము వచ్చుదాక వేచియుండుట యొక వ్రతము. మరియు మన యెండలు రెంటచింతల యెండలు. నాలుగు సిలిండర్లు ప్రక్కప్రక్కన నిలిచిన ఇంజను, పట్టణపు రద్దీలో ఆగి ఆగి పోవునప్పుడు, కూర్చున్నవాని తొడలకు రోహిణికార్తె వడగాలిని విసరును. రెండింటి వేడియు తక్కువదేమి గాదు. అయినను దానికన్న మేలు.

ఇంకొక సంగతి వినుడు. మహామహులైన యంత్రకారులే మధ్యతరగతి బండ్లలో నాలుగింటినుండి రెంటికి దిగివచ్చుచున్నారు. యమహావారి ఆర్6 అను నాలుగు సిలిండర్ల పరుగుబండి, పొగను గూర్చిన నిబంధనలు బిగిసిన కారణమున, 2020 తరువాత ఐరోపా రహదారులకు అమ్ముట మానివేయబడెను. 2021లో ఆర్7 అను పేర రెండు సిలిండర్ల బండి వచ్చెను. కావున రెండు సిలిండర్ల బండి కొనుట చేతగానివాని పని యని స్నేహితులు గేలిచేసినచో మీ మనుమడు ఈ మాట చెప్పి తల యెత్తుకొనవచ్చును. తాడిని తన్నువాడున్న వాని తల తన్నువాడుండును. గేలికి భయపడి కొన్న బండికి అంతము లేదు.

అయిన నాలుగు సిలిండర్ల బండి ఎవనికి తగును? ఏండ్ల తరబడి చిన్న బండ్లు నడిపి చేయి కుదిరినవానికి. సొంత సంపాదనతో కొనువానికి. దాని పరుగును బాటమీద గాక పందెపు చక్రములో తీర్చుకొనువానికి. మన జాతీయ రహదారి చెన్నపట్టణము చేరిన పిమ్మట, శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టై యను చోట అట్టి చక్రమున్నది. అచ్చట ఎదురు లారీ రాదు, గేదె అడ్డురాదు, పడినచో ఎత్తుటకు వైద్యులు సిద్ధముగా నుందురు. అట్టివాడు నాలుగు సిలిండర్ల యీల వినిన మనమును సంతోషింపవచ్చును.

కావున మీ ఇంట ఈ మాట వచ్చినప్పుడు కోపింపక పిల్లవానిని కూర్చుండబెట్టి కొన్ని ప్రశ్నలు వేయుడు. ఈ బండిని వారమున ఎన్ని దినములు, ఏ బాటను నడుపుదువు? దాని గరిష్ఠబలము ఎన్ని చుట్లకు వచ్చును? నీవు నడుపు వేగమునకు ఎన్ని చుట్లు తిరుగును? చెడినచో ఎచ్చట బాగుచేయింతువు? హెల్మెట్టునకు, చేతితొడుగులకు, మంచి అంగీకి, బూట్లకు పైకము వేరుగా తీసితివా? చక్రము బిగుసుకొనకుండ కాపాడు ఏ.బి.ఎస్. అను బ్రేకు ఏర్పాటు రెండు చక్రములకును కలదా? ఈ ప్రశ్నలకు తడబడక సమాధానము చెప్పినవానికి బండియొక్క మర్యాద తెలిసినట్లే. తెలియనివానికి సమాధానములు వెదకుకొనుటలోనే కొంత నెమ్మది అలవడును.

చట్టమును గూడ మరువరాదు. గేర్లు గల మోటారు సైకిలు నడుపుటకు 18 యేండ్లు నిండవలెను. 2019లో చేసిన సవరణ ప్రకారము, నిండనివాడు బండి నడిపి నేరము చేసినచో, ఇచ్చిన పెద్దలకే మూడేండ్లవరకు జైలును 25 వేల రూపాయల జుర్మానాయు పడవచ్చును. వెనుక కూర్చున్నవారు గూడ హెల్మెట్టు ధరింపవలెను. తాత వెనుక కూర్చున్నను మినహాయింపు లేదు; తలపాగా హెల్మెట్టు కాజాలదు.

భారతమున నలోపాఖ్యానము మీరు చదివినదే. ఋతుపర్ణ మహారాజు ఒక్క దినమున విదర్భకు పోవలసివచ్చినప్పుడు, బాహుకుడను పేర నున్న నలుడు అశ్వశాలకు పోయి, చూపునకు బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి తెచ్చెను. ఇవి యేమి లాగునని రాజు శంకించెను. వాని సుడులను, జాతిని ఎరిగినవాడు గనుక నలుడు సంకోచింపలేదు. ప్రయాణ మెట్టిదో తెలిసి, దానికి తగిన గుఱ్ఱమును ఏరుటయే ఆయన నేర్చిన అశ్వహృదయము. మన ప్రయాణము పల్లెనుండి పట్టణమునకు, పట్టణమునుండి పల్లెకు. నల్లరేగడి బాటలమీద, గేదెల నడుమ, టిక్కీల బండ్ల ప్రక్కగా. ఈ ప్రయాణమునకు పరుగుబండి కొనక తప్పదన్నచో రెండు సిలిండర్లు చాలునని నా యభిప్రాయము. అంతకన్న చిన్నబండితో తృప్తిపడగలిగిన మరియు మంచిది. నిర్ణయము మీ యింటివారిది. విచారించి చేయుడు.